ఫోన్లో పడ్డ చెయ్యి

మొదటి బస్సుకు పోయి, పెండ్లాం అంజనమ్మ చేతికి కట్టు కట్టించి, మధ్యాహ్నానికల్లా ఇల్లు చేరి గొర్రెలను విడవాలి. జయరాముడి పొద్దుటి ఆలోచన ఇంతే. ముందురోజు సాయంత్రం దొడ్లో పొట్టేలు కుమ్మి అంజనమ్మను బండమీద పడేసింది. తెల్లారేసరికి కుడి మణికట్టు బూరెలా పొంగింది. శెనక్కాయ పీకేదీ, సంగటి కెలికేదీ, గొర్రె నోరు తెరిచి మందు పోసేదీ ఆ చెయ్యే. అది పోతే ఇంట్లో సగం పోయినట్టే.

ముదిగుబ్బ దాటాక ఏ పట్నంలో దిగారో, అది ఏ సర్కారు ఆసుపత్రో చెప్పకపోవడమే మంచిది. చెబితే మిగతా ఊళ్ళవాళ్ళు "మాదీ అంతే కదా, మా పేరేల రాయలేదు" అని నిష్ఠూరమాడతారు.

ఎక్స్‌రే గదిలో కిరణ్ అనే ఆపరేటర్ ఆమె చెయ్యి బల్లమీద పెట్టించి మీట నొక్కాడు. తెరమీద ఎముకలు కనబడ్డాయి, వాపువల్ల ఊడిరాని ఇత్తడి గాజుతో సహా.

"ఫోన్ తియ్యప్పా" అన్నాడు జయరాముడితో.

"ఫోనెందుకు సార్?"

"ఫిల్ములు లేవు. పోయినేడు బడ్జెట్ కోసినారు. ఈయేడు మిగిలినదాంట్లో మళ్ళా కోసినారు. తెరను ఫోటో కొట్టుకో. తలుపుమీద డాక్టరు నంబరుండాది, దానికి పంపించు."

జయరాముడు జేబులోంచి ఫోటోలు రాని మీటల ఫోన్ తీశాడు. కిరణ్ దాన్ని చూసి నిట్టూర్చాడు.

"చెయ్యీ మాదే, ఫోనూ మాదేనా? మరి మీదేముండాది ఈడ?" అంది అంజనమ్మ.

కిరణ్ చుట్టూ చూసి, "గదుండాదమ్మా" అన్నాడు. పాపం, అబద్ధం చెప్పలేదు.

వెనక నిలబడినవాడు కేశవ. ఆదెన్నగారని ఆ చుట్టుపక్కల పెద్ద నాయకుడు ఒకాయన ఉన్నాడు. కేశవ ఆయన అనుచరుడు. బావమరిదికి లేని జబ్బుకు సర్టిఫికెట్ కోసం వచ్చాడు. "ఇటు జరుగు పెద్దాయనా, నేను కొడతా" అని తన ఫోన్లో ఫోటో తీశాడు. కింద "చెయ్యి విరిగిండాది, శానా నొప్పిగా ఉండాదంట, కట్టు ఎప్పుడు కడతారు" అని రాసి డాక్టరుకు పంపాడు. డాక్టరుకు పంపేటప్పుడు, ఫోన్లో పేర్ల వరసలో ఎప్పుడూ పైనే ఉండే ఆదెన్న అభిమానుల గ్రూపుకూ వేలు తగిలింది. కేశవ చూసుకోకుండా ఫోన్ జేబులో పెట్టుకుని సర్టిఫికెట్ వేటలో పడ్డాడు.

ఆ గ్రూపులో ఆదెన్న చేతులు తప్ప వేరేవాళ్ళ చేతులు పడే ఆచారం లేదు. దండం పెడుతున్న చెయ్యి, రిబ్బను కోస్తున్న చెయ్యి, ఇప్పుడు విరిగిన చెయ్యి. "అన్న చేతికి గాజేమప్పా?" అని ఒకడు అడిగాడు. "అది కడియంలే" అని ఇంకొకడు సర్దాడు. "అన్న సర్కారు ఆసుపత్రికి ఏంటికి పోతాడు?" అన్నదే అందరినీ కలవరపెట్టిన ప్రశ్న. చివరికి ఎవరో "పేదల ఆసుపత్రిలోనే వైద్యం, ఇదీ మా అన్నంటే" అని రాశారు. అంతే, ఊరూరికీ పాకిపోయింది.

ఇవేవీ తెలియని ఎముకల డాక్టరు వచ్చి అంజనమ్మ చెయ్యి పట్టి చూశాడు. "ఈరోజే సరిజేసి పిండికట్టు వెయ్యల్ల. ఆలస్యమైతే వంకరగా అతుక్కుంటాది. కట్టు రోల్సు మా దగ్గర లేవు, బయట తెచ్చుకో" అన్నాడు.

జయరాముడు నాలుగు మందులషాపులు తిరిగాడు. ఆసుపత్రిలో ఏవి లేవో ఆ షాపులవాళ్ళకు కంఠతా వచ్చు, వచ్చినవాళ్ళంతా అవే అడుగుతారు గనుక ఆ రోల్సు అన్నిటికన్నా ముందు అయిపోతాయి. నాలుగోచోట రెండు మిగిలి ఉంటే, బస్సు చార్జీ మాత్రం మిగుల్చుకుని కొన్నాడు.

తిరిగొచ్చేసరికి ఆసుపత్రి మారిపోయింది. వరండా కడిగారు. మంచాలమీద తెల్ల దుప్పట్లు పరిచారు. ఎన్నాళ్ళుగానో తిరగని ఫ్యాను తిరుగుతోంది. పెద్ద డాక్టరు గేటు దగ్గర నిలబడి, "కట్టు సామాను వచ్చిండాదా?" అని కేకలేస్తున్నాడు.

"వచ్చిండాది సార్, నేనే తెస్తాండా" అని జయరాముడు పరుగెత్తాడు. పెద్ద డాక్టరు అతని వీపు తట్టాడు. అన్నేళ్ళ బతుకులో సర్కారు మనిషి వీపు తట్టడం అదే మొదలు. "చూస్తివా, మనం వస్తే ఎంత మర్యాదో" అన్నాడు భార్యతో. మురిసిపోయాడు, పిచ్చిమారాజు.

అప్పుడు కార్లు దిగాయి. ముందు దండలు, యాపిల్ పెట్టెలు, కెమెరాలు, ఆ వెనక ఆదెన్న. పొద్దుటినుంచి ఫోన్లు ఎత్తీ ఎత్తీ, బాగానే ఉన్నానని మొదట ఇద్దరిమీద విసుక్కుని, మూడోవాడు "పేదల మనిషివి" అని ఏడవగానే ఆయన ఊరుకున్నాడు. ఊరుకుని, కుడిచేతికి తుండుగుడ్డ చుట్టుకుని బయల్దేరాడు.

"సార్, మీ చెయ్యి బాగుండాది" అన్నాడు ఎముకల డాక్టరు గొంతు తగ్గించి.

"నాకు తెల్దా? కట్టు."

జయరాముడి చేతిలోని రోల్సు ఎవరు లాక్కున్నారో కూడా తెలియలేదు. నీళ్ళలో ముంచడం, చుట్టడం అయిపోయింది. బీరువా మూలలోంచి ఒక్క ఫిల్మ్ కూడా బయటపడింది. దానిమీద అంజనమ్మ ఎముక, అంజనమ్మ గాజు, ఆదెన్న పేరు.

"ఆ కట్టు నాది సామీ" అన్నాడు జయరాముడు. ఎవరూ తిరిగి చూడలేదు. "నా దుడ్లతో తెచ్చింది. నా పెండ్లాం చెయ్యి వంకర పోతాది. విరగని చేతికి అదేంటికి మీకు? సిగ్గుండల్ల మనిషికి" అని అరిచాడు. కేశవ అతన్ని భుజం పట్టి వరండాలోకి లాక్కుపోయి, "రేపొచ్చి స్టాకులో తీసుకో పెద్దాయనా" అన్నాడు.

లోపల ఆదెన్న తెల్లటి చెయ్యి ఎత్తి కెమెరాలకు చూపించాడు. "నిధుల్లేవు, నిధుల్లేవు అని ఏడ్చేటోళ్ళు ఈ కట్టు సూడండి. ఏం తక్కువైండాది ఈడ? ఇంతకంటే ఇస్తే అది దుబారానే."

కార్లు పోయాక ఎముకల డాక్టరు అంజనమ్మ ముఖం చూడలేక, యాపిల్ పెట్టె అట్ట చించి మణికట్టుకు ఇరువైపులా పెట్టి గుడ్డ చుట్టాడు. "స్టాకు రాంగానే మారుస్తామమ్మా" అన్నాడు. ఆమె ఏడవలేదు. "ఆ పొట్టేలే నయం, ఎదురుగా వచ్చి కుమ్మింది" అంది.

స్టాకు రాలేదు. అన్నీ ఉన్న ఆసుపత్రికి ఇంకేం పంపుతారు? జయరాముడు మూడుసార్లు పోయి ఉత్తచేతులతో వచ్చాడు. అట్ట తీసేసరికి మణికట్టు వంకరగా అతుక్కుపోయింది. సంగటి కట్టె ఇప్పుడు జయరాముడే తిప్పుతున్నాడు. ముద్దనిండా ఉండలే. అంజనమ్మ ఎడమచేత్తో ఆ ఉండలు చిదుముకుని తింటుంది.

ఆదెన్న కట్టు మాత్రం నెల తిరక్కుండా విప్పారు. ఆయన కోసం ఇంకో ఫిల్మ్ తీశారు కూడా. విరిగిన ఆనవాలైనా లేకుండా ఎముకను అతికించినందుకు జనవరి ఇరవై ఆరున ఆ ఆసుపత్రికి ప్రశంసాపత్రం ఇచ్చారు.