శని కింద కుర్చీలు

"మూఢనమ్మకాల చరిత్రకు ఈ రోజే ఆఖరి పేజీ!"

పొద్దున్నే మైకు పరీక్షిస్తూ విజ్ఞాన ప్రచార సంఘం అధ్యక్షుడు చేసిన ప్రకటన అది. ప్రదర్శన కోసం అద్దెకు తీసుకున్న మూడు వందల ఏళ్ల చర్చి గోడలు ఆ మాటను గౌరవంగా మూడుసార్లు వినిపించాయి.

కప్పు నడుమ నుంచి, వలయంతో సహా, శనిగ్రహం వేలాడుతోంది. బయట గుడ్డ, లోపల దీపాలు, రెండంతస్తుల ఎత్తు! నేల తుడుస్తున్న ఆయమ్మ తలెత్తి చూసి, "అమ్మో, శనే!" అంది.

"ఇదిగో, ఇలాంటివాళ్ల కోసమే ఈ ప్రదర్శన!" అన్నాడు అధ్యక్షుడు అందరికీ వినబడేలా. "అది వట్టి వాయువుల ముద్ద, తెలిసిందా? అతిథులొచ్చే వేళకి స్తంభం చాటుకి పో."

ఇరవై రెండేళ్లుగా ఆ నేలను అద్దంలా ఉంచుతున్న ఆయమ్మకు ముఖం మాడిపోయింది. తుడవడం ముగించి, వేళకి వెళ్లి చాటున నిలబడింది.

సాయంత్రం అతిథులు రానే వచ్చారు. ముందు వరుస సరిగ్గా శని కిందే ఉంది. డాక్టరుగారు నిమిషంసేపు పైకి చూసి, మెడనొప్పి అంటూ వెనక వరుసకు జారుకున్నాడు. ప్రిన్సిపాల్‌గారికి ఏసీ గాలి పడదట. చర్చిలో ఏసీయే లేదు! ఇంజినీరుగారు తాళ్ల బలం లెక్కగట్టి, ఢోకా లేదని తేల్చి, తలుపు పక్కన కూర్చున్నాడు. నట్టనడుమ కుర్చీ అధ్యక్షుడిది. ఆయన ఆహ్వానం పలికే నెపంతో గుమ్మం వదలడే!

"సార్, ముందు వరుస ఖాళీ. ఫొటో ఏం బావుంటుంది?" అని ఫొటోగ్రాఫర్ గొణిగాడు.

అధ్యక్షుడు గోడ వెంబడే నడిచి స్తంభం దగ్గరికి చేరాడు. "ఆయమ్మా, వెళ్లి నా కుర్చీలో కూర్చో."

"నేనా! శని పట్టుకుంటే బాబూ?"

"మాకైతే పదవులు, ప్రమోషన్లు ఉన్నాయి! నీకు పోవడానికేముంది?"

ఆయమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. తిన్నగా వెళ్లి ఆ కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చుంది. తలెత్తి చూస్తే పైన బంగారు రంగు వెలుగు! "ఎంత బావుందో!" అనుకుంది పైకే.

"అధ్యక్షులవారూ, ఆవిడ పక్కన ఒక్క ఫొటో!" అని కేకేశాడు ఫొటోగ్రాఫర్.

"ఆవిణ్ణే ఇటు పంపవయ్యా!"

"నాకిక్కడే హాయిగా ఉంది బాబూ. మీరే రండి. అది వట్టి వాయువుల ముద్దేగా!"

సభ యావత్తూ ఆయన వైపు తిరిగింది. ఆయన మాత్రం గోడ వెంబడే మళ్లీ గుమ్మం దగ్గరికి జారుకున్నాడు. ప్రసంగమంతా గుమ్మం అవతల నిలబడే ముగించాడు.

అంశం: 'గ్రహాలకు భయపడనేల?'