రోజుకు నాలుగు ఇండియాలు

సోలాపూర్ దాజీ పేట్‌లో లింగయ్య ఇంటి ఆ ఉదయపు ఏర్పాటు చాలా తేలికైనది. తెల్లవారుజామున బయలుదేరడం, దారిలో ఒక రాత్రి ఆగడం, మర్నాటి సాయంత్రానికి గుజరాత్ కొసన ఉన్న ద్వారక చేరడం, సూర్యుడు సముద్రంలో మునుగుతుంటే భార్య గంగుబాయికి చూపించడం. అంతే.

ఈ "అంతే" కోసం గంగుబాయి ముప్పై రెండేళ్ళు ఆగింది. పెళ్ళయిన కొత్తలో గడపలో కూర్చుని బీడీలు చుడుతూ, "సూర్యుడు నీళ్ళల్ల మునిగితే చుయ్యిమంటదా?" అని అడిగింది. "నేనే తీస్కపోయి చూపిస్త" అన్నాడు కొత్త పెళ్ళికొడుకు. ఆ మాట మీద ఎన్ని లక్షల బీడీలు చుట్టిందో లెక్క లేదు. ఏనాడూ పోరు పెట్టలేదు. పోయిన దసరాకు మాత్రం, జొన్నరొట్టె తడుతూ, "ఇగ చూపియ్యకున్నా మంచిదే తియ్" అంది. కోపంగా కాదు, మామూలుగానే అంది. లింగయ్యకు ఆ రాత్రి అన్నం సయించలేదు. పోరు పెట్టే భార్యకు సమాధానం చెప్పొచ్చు గాని, అడగడం మానేసిన భార్యకు ఏం చెబుతాడు?

అందుకే కొడుకు మంగేశ్ పాత కారు ఒకటి కొనగానే ప్రయాణం పెట్టేశాడు. మంగేశ్ స్టీరింగ్ పట్టుకున్నాడు, వెనక గంగుబాయి, కోడలు తృప్తి కూర్చున్నారు, ముందు సీట్లో దారి చెప్పే పెద్దమనిషిగా లింగయ్య కొలువుదీరాడు. కళ్ళజోడు సంచిలో, సంచి డిక్కీలో, డిక్కీ నిండా కడక్ భాకరీలు, అంటే కరకరలాడే జొన్నరొట్టెలు.

కొంతం చౌక్ దాటగానే గొడవ మొదలైంది.

"బాపూ, ఫోన్ల మ్యాప్ ఎడమకు పొమ్మంటుంది" అన్నాడు మంగేశ్.

"కుడికి తిప్పు."

"అరే, బఘా నా, చూడు బాపూ, ఇక్కడ సాఫ్ కనవడ్తుంది."

"ముప్పై రెండేండ్ల సంది ఇండియాను నేస్తున్నరా నేను! గోడకు తగిలేసే పటం, రోజుకు నాలుగు. కాశ్మీర్ కాడ దారం తెగినా, కన్యాకుమారి కాడ తెగినా కండ్లు మూస్కొని ముడేసినోన్ని. గుజరాత్ కుడిపక్కనుంటది. నీ ఫోన్ ఎన్ని ఇండియాలు నేసింది?"

ఫోన్ ఒక్కటి కూడా నేయలేదు కనుక మంగేశ్ స్టీరింగ్ తిప్పాడు. కారు కుడికి తిరిగింది.

"మామా, ఇది హైదరాబాద్ రోడ్డు గదా?" అంది తృప్తి కాసేపటికి.

"పేరుకే బిడ్డా. ముంగట మలుగుతది."

ఊరు దాటాక లోకం మెత్తబడింది. చెరకు బండ్లు మంచులోంచి ఒక్కొక్కటే తేలి వచ్చి, ఎద్దుల మెడల్లో గంటలు మాత్రం వినిపించి, మళ్ళీ మంచులో కలిసిపోయాయి. గొర్రెల మంద ఒకటి రోడ్డు నిండా పరుచుకుని నడిచింది. కాపరి భుజానికి వేలాడే సంచిలోంచి అప్పుడే పుట్టిన పిల్ల తల బయటపెట్టి కారులోకి చూసింది. గంగుబాయి దానికి నమస్కారం పెట్టినంత పని చేసింది. ఆమె జీవితమంతా తునికాకు మీదే చూపు నిలిపిన మనిషి. ఇంత దూరం ఒకేసారి చూడడం ఆమె కళ్ళకు కొత్త.

నల్దుర్గ్ కోట గోడలు కనిపించే వేళకు సూర్యుడు సరిగ్గా కారు అద్దం మధ్యలో లేచాడు.

"అయ్యో, ఎండ మొఖానికే కొడ్తుంది గదయ్యా" అంది గంగుబాయి.

"ముంగట మలుగుతది" అన్నాడు లింగయ్య, టోపీ కళ్ళ మీదికి లాక్కుంటూ.

గంగుబాయి ఒక్క క్షణం సూర్యుణ్ణి చూసింది, తరువాత మొగుడి వెనక తలను చూసింది. ఆ తరువాత కొంగు నెత్తిన కప్పుకుని కిటికీ వైపు జరిగింది. పొద్దుతిరుగుడు చేలు వచ్చాయి. పూలన్నీ వీళ్ళకు వీపు పెట్టి నిలబడి ఉన్నాయి. మంగేశ్ ఏదో అనబోయాడు. వెనకనుంచి గంగుబాయి చేయి చాచి, అతని నోట్లో భాకరీ ముక్క పెట్టింది.

దారిలో గాలిమర రెక్క ఒకటి లారీ మీద పోతూ ఎదురైంది. ఊరంత పొడుగు రెక్క, చీమ నడకన సాగే లారీ. అది దాటిపోయేదాకా అందరూ నోరు తెరుచుకుని చూశారు. ఉక్కు బీరువాను మోటారు సైకిల్ మీద కట్టుకుని, భార్యను బీరువా మీద కూర్చోబెట్టుకుని ఒకతను వెళ్ళిపోయాడు. బీరువా అద్దంలో వీళ్ళ కారు, వెనక ఆకాశం, మబ్బులు కొంతదూరం వీళ్ళతోనే ప్రయాణించాయి.

పది గంటలకల్లా రోడ్డు పక్క బోర్డుల మీద అక్షరాలు గుండ్రంగా మారాయి. కళ్ళజోడు లేని లింగయ్యకు కన్నడం, తెలుగు ఒక్కటే. రెండూ గుండ్రమే.

"సూసిన్రా! తెలుగు బోర్డులు!" అని తొడ చరిచాడు. "సూరత్ దగ్గరవడ్డది. సూరత్ నిండ మనోళ్ళే. మన పద్మశాలోళ్ళు సగం సోలాపూర్ ఒస్తే, సగం సూరత్ పోయిండ్రు."

జహీరాబాద్ దాటాక ఒక హోటల్ దగ్గర టీకి ఆగారు. టీ పోసే మనిషి, "ఏ ఊరన్నా మీది?" అని అచ్చ తెలుగులో అడిగాడు. లింగయ్యకు కళ్ళు చెమర్చాయి. ఇంత దూరం వచ్చి కూడా భాష మర్చిపోలేదు పాపం, అనుకుని అతని భుజం తట్టాడు.

"తమ్మీ, సముద్రం ఇట్లనేనా?"

"సముద్రమా? ఇట్లనే. సీదా పోవాలె, శాన దూరం."

"సీదా అంటుండు, ఇన్నవా?" అన్నాడు లింగయ్య కొడుకుతో. కొడుకు అక్కడ లేడు. చింతచెట్టు కింద నిలబడి, తల్లి పక్కన ఉండగా, తన యజమాని సేఠ్‌తో ఫోన్లో చాలాసేపు మాట్లాడుతున్నాడు.

టీ తాగాక లింగయ్య నిద్రపోయాడు. కారు ఊగింది, కునుకు లోతైంది. హైదరాబాద్ నగరం వచ్చింది, పోయింది, ఆయన గురక దాని గుండా నిరాటంకంగా సాగింది. మెలకువ వచ్చేసరికి లోకం రంగు మారిపోయింది. నల్లరేగడి పోయి పచ్చటి వరిమళ్ళు, మళ్ళలో తెల్లకొంగలు, గట్ల మీద వరసగా తాటిచెట్లు. పెద్ద నది ఒకటి అడ్డం వచ్చింది. వంతెన పొడుగునా అందరూ కిటికీల్లోంచి కిందికి చూశారు. కింద పడవ ఒకటి కదులుతున్నట్టూ లేదు, ఆగినట్టూ లేదు.

"నర్మద" అన్నాడు లింగయ్య భక్తిగా, చెంపలేసుకుని. వెనక తృప్తికి ఎందుకో దగ్గు వచ్చింది.

సాయంత్రం అయిదున్నరకు గాలి ఉప్పగా మారింది. సరుగుడు తోటల మధ్య సన్నటి దారి, దారి చివర ఇసుక, ఇసుక చివర నిజంగానే సముద్రం. లింగయ్య కారు దిగి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"ఫోన్ రెండు రోజులన్నది. మనం ఒక్క రోజుల ఒచ్చినం. దారి తెలిసినోడు ఎంబడుంటే గిట్లుంటది!"

దుప్పటి పరిచి, గంగుబాయిని సముద్రానికి ఎదురుగా కూర్చోబెట్టి, తాను పక్కన కూర్చున్నాడు. "ఇగ సూడు. ఒస్తడు, మెల్లగ దిగుతడు." వాళ్ళు చూశారు. సముద్రం లేత నీలం నుంచి బూడిద రంగుకు, బూడిద నుంచి నలుపుకు మారుతోంది. పడవలు తేలుతున్నాయి, పక్షులు ఎగురుతున్నాయి. సూర్యుడు ఒక్కడే లేడు.

"మబ్బు అడ్డమొచ్చినట్టుంది" అన్నాడు లింగయ్య. మబ్బు లేదు.

కొంచెం దూరంలో వల బాగు చేసుకుంటున్న ముసలాయన వీళ్ళను చాలాసేపటి నుంచి గమనిస్తున్నాడు. "ఏటి బాబూ సూత్తన్నారు?"

"సూర్యుడు మునుగుడు."

"ఆయన ఈ సముద్రంలో మునగడండీ. ఇక్కడ పొడుత్తాడు. మునిగేది అదిగో, మీ ఈపు ఎనకాల."

లింగయ్య వెనక్కి తిరిగాడు. సరుగుడు చెట్ల వెనక, కారు టాపు పక్కన, ఎర్రటి సూర్యుడి చివరి తునక ఎవరూ చూడకుండా దిగిపోతోంది.

"ఇది... ద్వారక కాదా?"

"బాపట్ల పక్కనండీ."

లింగయ్య చేయి దానంతటదే గాలిలోకి లేచి, మగ్గం మీది పటాన్ని తడిమింది. మగ్గం మీద బొమ్మ బట్ట బోర్లా నేస్తారు. ముఖం కిందికి ఉంటుంది, వీపు నేసేవాడికి కనిపిస్తుంది. నేసిన గుడ్డ నేసినట్టే మగ్గం రోలరుకు చుట్టుకుని గోదాముకు పోతుంది. ముప్పై రెండేళ్ళు, రోజుకు నాలుగు చొప్పున, ఆయన దేశాన్ని చూసింది వెనకనుంచి, ఎడమ కుడిగా, కుడి ఎడమగా. దాని ముఖం కొనుక్కున్నవాళ్ళే చూశారు.

ఆయన ఇసుకలో కూలబడ్డాడు. "గంగూ, ఒక్కటడిగినవు పెండ్లయిన సంది. గదొక్కటి గూడ నాతోటి కాలే" అన్నాడు. ఆమె భాకరీ విరిచి, పల్లీల శేంగా చట్నీ పెట్టి, ఆయన చేతిలో ఉంచింది.

తెల్లవారుజామున ఆమే ఆయన్ను తట్టి లేపి, చేయి పట్టుకుని నీటి అంచుకు నడిపించింది. సముద్రం ఇంకా నిద్రలోనే ఉంది. మొదట ఒక గీత ఎర్రబడింది. ఆ తరువాత సూర్యుడు నీళ్ళలోంచి తడిసి, బరువుగా, తొందర లేకుండా పైకి వచ్చాడు. అక్కడి నుంచి వాళ్ళ కాళ్ళదాకా నీటి మీద ఒక ఎర్రటి దారి పరుచుకుంది. గంగుబాయి చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని ఆ దారిలో మోకాళ్ళ లోతుదాకా వెళ్ళి నిలబడింది. ఆమె ముఖం చూస్తే, పదహారేళ్ళ పిల్ల గడపలో కూర్చుని బీడీలు చుడుతున్నట్టే అనిపించింది లింగయ్యకు. ఆయనకు ఏడుపు వచ్చింది, ఏడ్చాడు కూడా. ఉప్పునీళ్ళలో ఇంకాస్త ఉప్పు ఎవరికి తెలుస్తుంది?

"మునుగుడు చూపిస్తనని లేసుడు చూపిస్తి. మాఫ్ చెయ్యి" అన్నాడు.

"గది నాకు నల్దుర్గ్ కాడ్నే ఎరుకయ్యా" అంది ఆమె, అలల మీంచి చూపు తిప్పకుండా.

"ఆఁ?"

"పొద్దుగాల పూట పడమటికి పోతే ఎండ మొఖం మీద కొడ్తదా? నీ కొడుక్కు కొంతం చౌక్ల్నే ఎరుక, కోడలికి హైదరాబాద్ రోడ్డెక్కంగనే ఎరుక. నేనే సప్పుడు చెయ్యకున్రని చెప్పిన. సేఠ్ దగ్గర నాలుగు రోజుల సుట్టిని పది రోజులు చేపిచ్చిన."

"మరి నాకెందుకు చెప్పకపోతివే!"

"చెప్తే సక్కగ ద్వారక తీస్కపోయి, సక్కగ ఇంటికి తెస్తుంటివి. గిప్పుడు ఇది చూస్తిమి. మాటిచ్చినవు గనక అది గూడ చూపియ్యాలె. నడుమల ఉన్న దేశం మొత్తం ఊకెనే ఒచ్చింది."

టీ తాగి అందరూ కారు దగ్గరకు వచ్చేసరికి, ముందు సీట్లో దారి ఎవరు చెప్పాలన్న చర్చ రాలేదు. గంగుబాయి అప్పటికే అందులో కూర్చుని ఉంది.