ఇంకేం కావాలి ఈ జన్మకు?

టీచర్లకు కావాల్సింది తోటి టీచర్లు కాదు, కృతజ్ఞతా భావం. ఈ మాట నేననడం లేదు, పైవాళ్ళు కనిపెట్టారు. నేను ఒప్పేసుకున్నాను. మీరూ ఒప్పుకోండి, ఒంటికి మంచిది.

మా ఆవిడ టీచరు. ఒకే గది, రెండు తరగతులు, ఎనభై ఏడుగురు పిల్లలు. ఇటు గోడకు మూడో తరగతి, అటు గోడకు నాలుగో తరగతి. ఇటు తిరిగి ఎక్కం చెబుతుంటే వీపు వెనకాల అటువాళ్ళు యుద్ధం ప్రకటిస్తారు. ఇంకో టీచర్ని ఇమ్మని ఆవిడ ఏడాదిగా అర్జీలు పెడుతోంది. పెట్టగా పెట్టగా పైవాళ్ళ మనసు కరిగింది. ఒక యాప్ ఇచ్చారు.

రోజూ సాయంత్రం ఐదులోపు, ఆ రోజు బడిలో కృతజ్ఞత కలిగిన మూడు క్షణాలు అందులో రాయాలి. రాయకపోతే పేరు ఎర్రబడుతుంది. ఎంత గొప్ప ఆలోచన! కృతజ్ఞత దానంతటది వస్తుందా? అదేమన్నా తుమ్మా? టైము పెట్టి రప్పించాలి.

అరిచి అరిచి గొంతు పోయిన మనిషి ఇంటికొచ్చి కుర్చీలో కూలబడి ఫోన్ నా చేతిలో పెట్టేది. ఏదో ఒకటి రాసి పారేయమని సైగ. నేనా, ఏడో తరగతితో బడికి దణ్ణం పెట్టి గేట్లూ గ్రిల్సూ వెల్డింగ్ చేసుకునేవాణ్ణి. అయినా కలం పట్టాను.

"ఈ రోజు సుద్దముక్క ఒక్కటి కూడా విరగలేదు." "ఫ్యాన్ తిరగకపోవడం వల్ల పిల్లల కాగితాలు ఎగిరిపోలేదు." "వెనక బెంచీ వీరుడు మధ్యాహ్నమంతా హాయిగా నిద్రపోయాడు, లేచి ఉంటే ఏమయ్యేదో." మూడింటికీ పచ్చ టిక్కులు పడ్డాయి.

పోను పోను చెయ్యి తిరిగింది. "ఎనభై ఏడు జతల కళ్ళు నా వైపే చూస్తుంటే ఇంకేం కావాలి ఈ జన్మకు?" అని రాసిన రోజు, నిజం చెప్పొద్దూ, నా కళ్ళే చెమర్చాయి.

కొంప మునిగింది అక్కడే.

పోయిన వారం పెద్దాఫీసరు బడికి వచ్చాడు. ఆ వాక్యాన్ని అట్ట మీద అచ్చేయించి మరీ తెచ్చాడు. మా ఆవిడ అర్జీ అందించింది. ఆయన దాన్ని మడతైనా విప్పలేదట.

"ఇంకేం కావాలని మీరే రాశారు కదమ్మా. రెండో తరగతి టీచరుగారు రిటైరవుతున్నారు. ఆ పిల్లల్నీ మీ గదికే పంపిస్తున్నాం. ఇంకో ముప్ఫై జతల కళ్ళు, సంతోషమేగా?"

ఆవిడ ఆ అట్ట తెచ్చి నా ముందు పెట్టింది. తిడుతుందనుకున్నాను. గొంతుంటేగా తిట్టడానికి.

"మీరు ఏడుతో ఆపి పుణ్యం కట్టుకున్నారండీ," అంది గుసగుసగా. "పది దాకా చదివుంటే బడి బడంతా నా గదిలోనే ఉండేది."

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ రోజు "కృతజ్ఞత ఏమీ లేదు" అని రాసి పంపాను. మూడు గడులూ కలిపి ఇరవై మాటలకు తగ్గకూడదని యాప్ తిప్పికొట్టింది. ఐదు కావడానికి ఇంకా నాలుగు నిమిషాలుంది.

ఆవిడ ఫోన్ లాక్కుని "ఇంకో టీచర్ని ఇవ్వండి" అని కొట్టింది. మళ్ళీ అదే. మళ్ళీ అదే. మొత్తం ఏడుసార్లు.

యాప్ మాటలు లెక్కపెట్టుకుంది. పచ్చ టిక్కు వేసింది. కింద ఒక పువ్వు బొమ్మ, దాని పక్కన ఈ ముక్క:

"మీ సంతోషాన్ని మాతో పంచుకున్నందుకు ధన్యవాదాలు."