మలుపు కాడ గూడ్సు బండి

తెలంగాణ ఉద్యమం వేడికి బడులు మూతపడ్డాయి. మొయినాబాదులో సైన్సు చెప్పే స్వామిదాసుకు అంత తీరిక ఎన్నడూ దొరకలేదు. పిల్లలకు చూపడానికి తాను చేసిన బొమ్మ గూడ్సు పెట్టెకు ఏ చక్రాలు తగునో ఆ ఉదయమే తేల్చేయాలనుకున్నాడు. తను చెక్కినవి చెక్క చక్రాలు, ఇరుసు బిగుతుగా ఉంటుంది. సైకిల్ షాపు అంతయ్య చేసినవి ఇనుపవి. వాటి ఇరుసు కొనలు సూదుల్లా సానపట్టి ఉంటాయి, ఊదితే చాలు తిరుగుతాయి.

"మలుపు కాడ గూడ్సు బండిని జోరుగ తోలుదాం. పట్టాలు తప్పాలె. అప్పుడే అసలు సంగతి తెలుస్తది," అన్నాడు స్వామిదాసు.

"నేను తప్పిస్త గద సార్, ఫికర్ చెయ్యకు," అన్నాడు అంతయ్య.

మజ్జిగ కోసం వచ్చిన పక్కింటి రుక్మిణమ్మ ఈ మాటలు విని గుమ్మం దగ్గరే ఆగిపోయింది. మజ్జిగ మాట మరిచి, చేవెళ్ల బస్సెక్కుతున్న తమ్ముడి చెవిన వేసింది, ఎవ్వరికీ చెప్పొద్దని. ఆ రోజు బస్సు నడవడమే పాపమైంది. అది చేవెళ్ల చేరేసరికి స్వామిదాసు ఒక గూడ్సు బండిని పడగొట్టేశాడు. అందరూ దిగేసరికి రెండింటిని.

మధ్యాహ్నం కుర్రాళ్లు పూలదండతో వచ్చిపడ్డారు. "జై తెలంగాణ! స్వామిదాసు సార్ జిందాబాద్!"

సంగతేమిటో తెలియకపోయినా స్వామిదాసు మెడ వంచాడు. దండ పడీ పడకముందే వాకిట్లో పోలీసు జీపు ఆగింది.

"పట్టాలెక్కడ?" అన్నాడు జవాన్లతో దిగిన ఎస్సై.

"మంచం కింద సార్."

"మజాక్ చేస్తున్నవా?"

స్వామిదాసు భార్య కరుణమ్మ కళ్లు తుడుచుకుంటూ రేకు పట్టాలనూ, పెట్టెనూ అరుగు మీదికి లాగింది. "గిదే సార్ మా ఆయన గూడ్సు బండి. గిది పడితే చీమ గూడ చావది."

ఎస్సై టోపీ తీసి అరుగు మీదే చతికిలబడి, పెట్టెను తోశాడు. చెక్క చక్రాలతో అది మలుపులోనే బోర్లాపడింది. ఇనుప చక్రాలు తొడిగితే మలుపు తిరిగి గోడ దాకా దూసుకుపోయింది. అంతయ్య మీసం దువ్వాడు.

"జర ఆగు. ఖాళీ పెట్టెతోని ఏం తెలుస్తది? బరువెయ్యాలె," అన్నాడు ఎస్సై.

కరుణమ్మ జొన్నలు తెచ్చింది. బరువు పడగానే చెక్క చక్రాలు బుద్ధిగా మలుపు తిరిగాయి. ఇనుపవి మలుపులో ఆగలేక పట్టాలు తప్పి అరుగు దిగిపోయాయి. దాంతో కుర్రాళ్లు చెక్క పక్షం, జవాన్లు ఇనుప పక్షం అయిపోయారు. ఒకరి తర్వాత ఒకరు తోస్తూ, నినాదాలు కూడా చక్రాల మీదికే మళ్లించారు.

పొద్దు వాలింది. జైలు తప్పిందని నెమ్మదించిన స్వామిదాసు, "సార్, నేనొక్కసారి..." అంటూ పెట్టె వైపు చేయి చాపాడు.

"లైన్ల రా పంతులూ," అన్నాడు ఎస్సై, తల ఎత్తకుండానే.

స్వామిదాసు వెళ్లి ఆఖరి జవాను వెనకాల నిలబడ్డాడు.