మంచం దిగని ఉత్తమ భాగస్వామి

ప్రజలకు శుభవార్త. ఊళ్ళో టాక్సీ డ్రైవర్లు పూర్తిగా అంతరించిపోయారు. రోగమో ప్రమాదమో కారణం కాదు. యాప్ కంపెనీవారు ఒక ఏసీ హాల్లో సభ పెట్టి, "నేటి నుంచి మీలో ఎవరూ డ్రైవర్లు కారు, అందరూ మా భాగస్వాములే" అని మైకులో ప్రకటించారు. డ్రైవర్లుగా కూర్చున్నవాళ్ళు భాగస్వాములుగా లేచి నుంచున్నారు. దేంట్లో భాగమో కనుక్కుందామని వెనక ఒకాయన చెయ్యెత్తాడు గానీ అప్పటికే టీలు వచ్చేశాయి.

ఆ చెయ్యెత్తినాయన్ని స్టేషన్ ముందున్న టాక్సీ స్టాండులో హారన్ బాబాయి అంటారు. స్టీరింగ్ పట్టిన నాటి నుంచీ ఆయన హారన్ కొట్టగా విన్నవాళ్ళు లేరు గనక ఆ పేరు స్థిరపడింది. ఆ స్టాండు ఘనత కూడా కాస్త చెప్పుకోవాలి. యాప్ రాకముందు అక్కడి డ్రైవర్లు దేవుళ్ళలా ఉండేవారు. ఎంత మొరపెట్టుకున్నా ఒక పట్టాన పలికేవారు కాదు. "అటువైపు రాము" అన్నది వారి స్వాగత వచనం. మీటర్లు పుట్టుకతోనే చెడిపోయి ఉండేవి. ఎక్కేవాడి బూట్లు చూసి రేటు చెప్పే విద్యకు వర్షం పడితే మరింత రాణింపు. జనం కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఆ నీళ్ళు తుడవడానికే కంపెనీవారు అవతరించారు. ఇప్పుడు వర్షం పడితే రేటు పెంచేది ఫోను గనక ఎవరికీ కోపం రావడం లేదు.

పైగా జనం చేతికి నక్షత్రాలు వచ్చాయి. బాబాయి మాట్లాడాడని ఒకాయన ఒక నక్షత్రం కోశాడు. మాట్లాడలేదని ఇంకొకాయన రెండు కోశాడు. "సొంత నాన్నలా జాగ్రత్తగా తీసుకెళ్ళాడు" అని రాసి ఒకావిడ మూడే ఇచ్చింది. వాళ్ళ నాన్నతో ఆవిడకేం పేచీ ఉందో బాబాయికి ఈనాటికీ తెలియదు.

నక్షత్రాలు నాలుగున్నరకు దిగితే ఐడీ బ్లాక్. వారం రోజులు బండి కదలకపోయినా ఐడీ బ్లాక్. ఐడీ పోయిందంటే ఆ వయసులో బాబాయికి ఇంకో పని ఎవరూ ఇవ్వరు, ఇంట్లో పొయ్యి వెలగడానికి మరో దారీ లేదు. జబ్బు చేసినప్పుడైనా ఆ వారం నియమం సడలించండి మహాప్రభో అని ఊళ్ళోని భాగస్వాములంతా అర్జీ పెట్టుకున్నారు. అర్జీ సానుభూతితో పరిశీలించబడుతూ ఉంది.

స్టాండుకు ఇంకో చిక్కు వచ్చిపడింది. అక్కడ ఆరు బళ్ళు. ముందు వచ్చినవాడు ముందు పోవాలి, ఇది తాతలనాటి వరస. యాప్‌కి వరస తెలియదు. ఇప్పుడే వచ్చి చివర ఆగినవాడి ఫోను మోగుతుంది, పొద్దున్నుంచీ పడిగాపులు పడ్డవాడు నోరు వెళ్ళబెట్టి చూస్తాడు. వరస తప్పి బయల్దేరడానికి చివరివాడికి మొహం చెల్లదు. వద్దని నొక్కితే కంపెనీ ఊరుకోదు. చివరికి బాబాయే ఒక మార్గం కనిపెట్టాడు. ఆరు ఫోన్లూ, ఆరు తాళాలూ ఒక కూరల బుట్టలో వేశారు. ఏ ఫోను మోగితే ఆ ఫోను తాలూకు బండే బయల్దేరుతుంది, కానీ స్టీరింగ్ మీద మాత్రం వరసలో ముందున్నవాడు కూర్చుంటాడు. సంపాదన కూడా వరసవాడిదే.

ఫోటోలో ఒకరు, బండిలో ఇంకొకరు. ఎవరైనా పట్టుకుంటారేమోనని మొదటి రోజు ఆరుగురూ అద్దంలో వెనక సీటునే చూస్తూ నడిపారు. జనం వచ్చారు, వంగి నంబర్ ప్లేటు చూసుకున్నారు, వెనక సీట్లో కూర్చుని ఫోన్లో తల దూర్చారు, దిగిపోయారు. ఎవరూ తల ఎత్తలేదు. పద్ధతి ప్రశాంతంగా అమల్లోకి వచ్చింది.

అలాంటి సమయంలో బాబాయి బాత్రూంలో జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. డాక్టరు తొడదాకా కట్టు కట్టి, మూడు నెలలు మంచం దిగొద్దన్నాడు. బాబాయికి కాలి నొప్పి కన్నా వారం రోజుల నియమమే ఎక్కువ సలిపింది. స్టాండులో "మీటరు" అనే కుర్రాడు పరామర్శకు వచ్చాడు. ఆ పేరు దేనివల్ల వచ్చిందో పాత ప్రయాణికులకు చెప్పక్కర్లేదు.

"ఇంకేముందిరా, నా పని అయిపోయింది. వచ్చే వారానికి ఐడీ ఉండదు," అన్నాడు బాబాయి.

"నువ్వు పడుకో బాబాయ్. నీ వరస ఎక్కడికీ పోదు. నీ వంతు వచ్చినప్పుడల్లా నేను తిప్పి, డబ్బులు పిన్ని చేతిలో పెడతాగా," అన్నాడు మీటరు.

"పొద్దున్నే నేనేనో కాదోనని ఫోను నా మొహం చూపించమంటది కదరా!"

"మొహానికి కట్టు కట్టలేదుగా," అంది బాబాయి భార్య.

ఆ విధంగా ఆవిడ రోజూ మొగుడి మొహం దగ్గర ఫోను పట్టుకునేది. వెనక తలగడా, మందు సీసాలూ కనిపిస్తూనే ఉండేవి. "మీరు ఈరోజు ప్రయాణానికి సిద్ధం" అని ఫోను అభినందించేది. ఆవిడ దాన్ని సంచీలో వేసుకుని స్టాండుకు తీసుకెళ్ళి బుట్టలో పడేసేది. ఇక ఆ బండి ఎక్కినవాడల్లా ఒళ్ళు దగ్గర పెట్టుకుని నడిపాడు. జబ్బు మనిషి పేరు మీద తిరుగుతున్న బండి, ఒక్క నక్షత్రం రాలినా పాపం చుట్టుకుంటుందని భయం. సొంత పేరు మీద బూతులు తిట్టేవాళ్ళు కూడా బాబాయి పేరు మీద నోరు కట్టుకున్నారు. ఫలితంగా, మంచంలో ఉన్న మూడు నెలల్లో బాబాయి ఊరికల్లా ఉత్తమ భాగస్వామి అయ్యాడు.

సన్మానం అదే ఏసీ హాల్లో జరిగింది. బాబాయి చంకలో కర్ర పెట్టుకుని వేదిక ఎక్కుతుంటే స్టాండువాళ్ళకు ముచ్చెమటలు పోశాయి. భాగస్వామ్య అధికారి ఆ కట్టును చూశాడు, కంపెనీ లెక్కలు చూశాడు, కళ్ళు ఒత్తుకున్నాడు.

"చూడండి సోదరులారా! విరిగిన కాలితో, చంకలో కర్రతో, ఈ మహానుభావుడు ఒక్కరోజు కూడా సెలవు తీసుకోలేదు. అంకితభావం అంటే ఇదీ!"

ఒక ప్రయాణికురాలు మైకు తీసుకుని, "రోజూ ఈయన కార్లోనే ఆఫీసుకు వెళ్తానండీ. ఈ మొహంలో ప్రశాంతత నేనెప్పటికీ మర్చిపోలేను," అంది. బాబాయి ఆవిణ్ణి చూడటం అదే మొదలు. అయినా మర్యాదగా దండం పెట్టాడు.

మర్నాడు అర్జీకి జవాబు వచ్చింది. కాలు విరిగినవారే నడపగలుగుతుండగా జబ్బుల పేరిట మినహాయింపు అనవసరమని కంపెనీ భావించింది. ప్రేరణ నిమిత్తం బాబాయి ఫోటోను ఊరంతా అంటించారు.

బాబాయికి అన్నం సయించలేదు. తన మంచం ఊళ్ళో డ్రైవర్లందరి నెత్తినా పడిందని కుమిలిపోయాడు. కట్టు విప్పించుకున్న రోజే నేరుగా అధికారి గదికి వెళ్ళాడు.

"అయ్యా, ఆ మూడు నెలలూ నేను మంచం దిగలేదండీ. మావాళ్ళు తిప్పారు. ఆ బొమ్మలు పీకించెయ్యండి. జబ్బు చేసినోళ్ళకి సెలవివ్వండి."

అధికారి తలుపు దగ్గరికి వేసి వచ్చాడు. ఆయన చెడ్డవాడు కాదు, ఆయనకూ పైన నక్షత్రాలిచ్చేవాళ్ళున్నారు.

"పెద్దాయనా, మీరు చెప్పింది నిజమైతే మోసం కింద మీ ఆరుగురి ఐడీలూ ఇప్పుడే తీసేయాలి. అబద్ధమైతే మీరు ఉత్తమ భాగస్వామి. ఏది రాసుకోమంటారు?"

బాబాయికి మీటరు భార్య నెలలు నిండి ఉన్న సంగతి గుర్తొచ్చింది. మిగతా నాలుగు ఇళ్ళూ గుర్తొచ్చాయి.

"అబద్ధమే రాసుకోండి," అన్నాడు.

అధికారి ఆయన వినయాన్ని మెచ్చుకుని టీ తెప్పించాడు.

అది జరిగిన కొద్ది రోజులకే మీటరు టైఫాయిడ్‌తో మంచమెక్కాడు. అతని వంతు ఇప్పుడు బాబాయి నడుపుతున్నాడు, హారన్ కొట్టకుండా, కన్నకొడుకు పేరు మీద నడిపినంత జాగ్రత్తగా. నక్షత్రాలు కుప్పలు తెప్పలుగా వస్తున్నాయి. వచ్చే సన్మానం మీటరుకేనని, ఆ దెబ్బతో టైఫాయిడ్ కూడా జబ్బుల్లోంచి కొట్టివేయబడుతుందని నమ్మకంగా తెలుస్తోంది.

కాబట్టి ప్రయాణికులకు ఒక మనవి. రేపు మీరు ఎక్కబోయే కారు ఏ జబ్బు మనిషిదో, నడిపేది ఎవరో చెప్పలేం. ఉన్నట్టుండి మంచితనం పొంగుకొచ్చి ఆ మొహం వంక చూసేరు సుమా! ఆరు కుటుంబాలు ఇన్నాళ్ళూ బతుకుతున్నది మీరు తల ఎత్తరన్న ఒక్క ధైర్యం మీదే.