చేతికొక పిడి

దేవుడు మనుషులందరినీ తన పోలికలోనే చేశాడు కదా, మరి చేతులు మాత్రం తలా ఒక కొలతలో ఎందుకు చేశాడన్న అనుమానం దేవానందానికి ఇరవయ్యేళ్లుగా ఉంది. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో, పోతపోసే ఇనుప సామాన్లకు ముందుగా చెక్క నమూనాలు చేయడం ఆయన ఉద్యోగం.

ఆ శనివారం పొద్దున కూతురు దేవకృప ఒక సాయం అడిగింది. ఏడాదిపాటు కూర్చుని ఆమె ఒక ఆట రాసింది. వేరే గ్రహాలవాళ్లలా మాట్లాడుతూ, పాచికలు వేస్తూ ఆడాలి. సాయంత్రం ఐదింటికి స్నేహితులు మొదటిసారి ఆడటానికి వస్తున్నారు. పొట్టి గ్రహంవాళ్లకూ, తాటిచెట్టంత పొడుగు గ్రహంవాళ్లకూ పిస్తోలు ఎలా ఉండాలో మాత్రం ఆమెకు తేలలేదు. చెరొకటి చెక్కతో చేసిమ్మంది.

"చేయి చూడకుండ పిడి ఎట్ల చేస్తనమ్మా?" అంటూ ఆయన టేపు తీసుకుని బయల్దేరాడు.

పొట్టివాళ్ల కోసం పక్కింటి రోసమ్మ మనవరాలి చేయి కొలిచాడు. పొడుగువాళ్లకు సంఘ పెద్ద యేసుదాసు చేయే తగినది. ఆయన కళ్లు మూసుకుని, చేతులు చాచి ప్రార్థనలో ఉన్నాడు. ఆటంకపరచడం ఇష్టంలేక దేవానందం చప్పుడు చేయకుండా కొలుచుకుని వచ్చేశాడు. రోసమ్మ అడిగితే మాత్రం, అబద్ధమాడటం రాదు గనుక, ఇద్దరి చేతులూ పిస్తోలు కోసమే కొలిచానని చెప్పాడు.

మధ్యాహ్నానికి ఆ మాట రెండు వీధులు దాటి, దేవానందం సండే స్కూలు పిల్లలకు తుపాకులు పంచుతున్నాడన్న కబురుగా మారింది. మూడో వీధిలో సంఘ పెద్దకూ ఒకటి తయారవుతోందన్నారు. మా పిల్లలు ఆటకు రారని ఇద్దరు తల్లులు చెప్పి పంపారు. నాలుగింటికి యేసుదాసే వచ్చాడు.

"ఏందీ దేవానందం, ప్రార్థనల నా చేయి కొలిచినవంట?"

"బొమ్మదే అన్నా. వేరే లోకంవోళ్లకు."

"ఆళ్లకు సువార్త చెప్పాల్నా, పిస్తోలు ఇయ్యాల్నా?"

దేవకృప తన ఏడాది కాగితాలను అట్టపెట్టెలో సర్దసాగింది.

స్వాధీనం చేసుకుందామని యేసుదాసు, అప్పటికే చెక్కి బల్లమీద పెట్టిన రెంటిలో పెద్ద పిస్తోలు అందుకున్నాడు. అది జారింది. గట్టిగా పట్టాడు. మళ్లీ జారి కాలిమీద పడింది. రెండోది తీశాడు. అదీ అంతే. అప్పుడు అర్థమైంది దేవానందానికి. ఇసుక అచ్చులోంచి సులువుగా ఊడి రావాలని నమూనాను కిందికి సన్నంగా చెక్కడం ఆయన అలవాటు. పిడులనూ అలాగే చెక్కాడు. పిసికినకొద్దీ అవి జారతాయి. తల వంచుకుని ఆ సంగతి చెప్పాడు.

యేసుదాసు కాలు రుద్దుకుంటూ కుర్చీలో కూర్చున్నాడు. "అంటే ఇది ఎవ్వరి చేతిల నిలవదా?"

"నిలవదన్నా."

"అయితే గిట్లనే ఉండనియ్యి. ఆడనియ్యి పిల్లల్ని."

ఆయనే కుంటుతూ వెళ్లి ఆ ఇద్దరు తల్లులకూ నచ్చజెప్పి వచ్చాడు. దేవకృప కొత్త నియమం రాసింది: పిస్తోలు తీసినవాడి చేతిలోంచి అది జారుతుంది, ఆపైన మాటలతోనే గెలవాలి. ఐదింటికి ఆట మొదలైంది. పొడుగు గ్రహం తరఫున యేసుదాసు ఆడాడు.

వంటింట్లో భార్య ప్రేమమణి దేవానందం ముందు అరచేయి చాపింది. "ఊరందరివి కొలిచినవు. నాదెప్పుడు?"

ఆమె చిన్న చేతికి పట్టే పప్పుగుత్తి చేసిస్తానని పెళ్లైన కొత్తలో ఆయన మాటిచ్చి ఇరవై రెండేళ్లయింది. ఆయన టేపు తీశాడు. కొలతకు కావలసిన దానికన్నా ఎక్కువసేపు ఆ చేయి పట్టుకున్నాడు. ఆమె వెనక్కి తీసుకోలేదు. పొద్దుగూకేలోపు గుత్తి తయారైంది.

భోజనానికి ఉండిపోయిన యేసుదాసు, పప్పు బాగా మెదిగిందంటూ మూడుసార్లు వడ్డించుకున్నాడు.