ఆరో ఆట నాడు లొరెట్టా గడప దాటుట

"కాలు! కాలు వెనక్కి తియ్యి లొరెట్టా, గడప దాటింది!"

"దాటింది బొటనవేలు. అదీ చెప్పులోనే ఉంది."

"బొటనవేలైతే మాత్రం? వాళ్ళకి పరుగొచ్చిందా, లేదా?"

"వాళ్ళవాడు బంతిని బాగా కొట్టాడు గేటానో, అందుకొచ్చింది. నా వేలు చూసి కొట్టాడా?"

"వదినా, నీకు దండం పెడతాను," అన్నాడు మరిది నూన్జియో, సోఫాలోంచి తల తిప్పకుండా. "ఈ ఒక్క ఇన్నింగ్సూ ఆ ఫ్రిజ్ పక్కన నిలబడు. నీకు పుణ్యముంటుంది."

శరదృతువు ముదిరి, వీధి చివరి మేపుల్ వృక్షం తన రక్తవర్ణ శిరోభూషణాలను ఆగివున్న కార్ల కప్పుల మీద ఒక్కొక్కటిగా రాల్చుకొంటున్న అక్టోబరు మాసాన. ఫిలడెల్ఫియా మహానగరపు దక్షిణ దిగ్భాగాన. భుజానికి భుజం ఆనించి నిలిచిన పదాతిసైన్యంలా, ఇంటికీ ఇంటికీ నడుమ ఒక్క గోడే పంచుకొంటూ బారులు తీరిన ఇటుక ఇళ్ళలో డిఫాల్కో వారి ముందుగదిలో. ఊరి జట్టు ఒక్క పరుగు వెనకబడి, ఆఖరిదైన తొమ్మిదో ఇన్నింగ్సులో బ్యాటు పట్టబోతున్న ఘోర ఘడియలో ఈ సమరం సంభవించింది. ఓడితే ఈ ఏటికి బేస్‌బాల్ సమాప్తం. గెలిస్తే రేపు ఏడో ఆట, దాని వెనక కిరీటం.

ఇక ఆ గదిలోని యోధులు. గృహాధిపతి, కుళాయిల మరమ్మతులో అజేయుడు, త్రివార దీర్ఘశ్మశ్రుధారి గేటానో: ఆఖరి పోటీలు మొదలైనప్పటినుంచి గడ్డం గీస్తే జట్టు ఓడుతుందని వ్రతం పట్టినవాడు. అతని తమ్ముడు నూన్జియో: టోపీని లోపలివైపు బయటికి తిప్పి పెట్టుకొన్న విపర్యస్త కిరీటుడు. వారి జనని, జపమాలాధారిణి ఫిలొమీనా: రెండో ఆటలో ఎడమచెప్పు జారి పడిన క్షణాన మనవాళ్ళు గెలిచారు గనుక, అప్పటినుంచి ఆట జరిగినంతసేపూ ఎడమకాలు చల్లబడిపోతున్నా కిక్కురుమనని ఏకపాదుకా తపస్విని. ఇంత సైన్యం ఒక వైపు. రెండో వైపు గరిటె పట్టుకొని లొరెట్టా ఒక్కతె.

ఈ వైరానికి మూలం చాలా పాతది. లొరెట్టా కొత్తకోడలై వచ్చిన ఏడు, ఇలాంటి అక్టోబరులోనే, ఉడికిన మాకరోనీలో నీళ్ళు వంపడానికి వంటింట్లోకి వెళ్ళింది. సరిగ్గా అప్పుడే వజ్రబాహువు, శత్రుబౌలర్ల పాలిటి ప్రళయకాల రుద్రుడు బార్నబీ క్వింటన్ బంతిని ప్రహరీ మీదుగా మైదానం అవతలికి సాగనంపాడు. ఆ బంతి పాలబండి అద్దం పగలగొట్టిందని ఒక సారాకొట్టులో అంటారు. నది దాటి న్యూజెర్సీలో పడిందని ఇంకో సారాకొట్టులో అంటారు. ఇంకా పడనేలేదని, పైనే తిరుగుతోందని, రెండు చోట్లా తాగివచ్చిన నూన్జియో అంటాడు. ఏదేమైనా జట్టు గెలిచింది, ఊరు ఊరేగింది. మర్నాడు డిఫాల్కో కుటుంబం కూర్చుని కారణం వెతికింది. క్వింటన్ భుజబలం ఎవరికీ తట్టలేదు. కోడలు వంటింట్లో ఉండడం తట్టింది.

నాటినుంచి అదే శాసనం. అక్టోబరు ఆటల్లో లొరెట్టా వంటింటి గడప దాటరాదు. ఆమె వంటింట్లో ఉండగా జట్టు ఓడిన ఏళ్ళు లేవా అంటే, బోలెడు. ఆ ఏళ్ళలో ఆమె తొంగిచూసి ఉంటుందని ధర్మజ్ఞులు తేల్చారు.

అయితే ఈ లొరెట్టా ఆట తెలియనిది కాదు. చిన్నప్పుడు తండ్రితో స్టేడియంలో అన్నిటికన్నా పై వరుసలో, వేరుశనగ తొక్కలు కాళ్ళ కింద పటపటమంటుండగా, గొంతు పోయేలా అరిచిన పిల్ల. పెళ్ళయ్యాక ఆమె అక్టోబరు ఆటలన్నీ చెవులతోనే చూసింది. ఎల్‌వుడ్ ప్రూయిట్ కొట్టిన ప్రతి దెబ్బా ఆమెకు గోడ అవతలినుంచి వచ్చిన కేక. ఊరి జట్టుకు ఏళ్ళ తరబడి ఆడిన ఆ ప్రూయిట్ ఇప్పుడు ముసలివాడయ్యాడు. రెండు మోకాళ్ళకూ కట్లు కట్టుకొని ఆడుతున్నాడు. ఈ ఏడుతో మానేస్తానని చెప్పేశాడు. వాడు బ్యాటు పట్టి నిలబడ్డం ఒక్కసారి, ఒకే ఒక్కసారి, అక్టోబరులో కళ్ళారా చూడాలని ఆమె కోరిక. రాజ్యం కాదు, రత్నం కాదు.

ఇన్నింగ్సు సాగింది. ఒక ఔటు. రెండో బేసు మీద ఒకడు, మూడో బేసు మీద ఒకడు; ఇద్దరూ తిరిగి ఇంటి బేసు చేరితే గెలుపు. రెండో ఔటు. ఇంకొక్కటి పడితే అంతా అయిపోతుంది. అప్పుడు టీవీలోంచి ప్రకటన వినిపించింది: ఎల్‌వుడ్ ప్రూయిట్.

లొరెట్టా పొయ్యి ఆర్పింది. సాసేజ్‌ల మీద మూత పెట్టింది. సేనాని శిబిరదీపాన్ని ఆర్పి కదిలినట్లు, దక్షిణ హస్తాన టమాటా సాస్ ఓడుతున్న గరిటెను అలాగే ధరించి, కుడికాలు ఎత్తి, పాతికేళ్ళ కట్టుబాటును ఒక్క అంగలో దాటి, ముందుగదిలో మోపింది.

గేటానో లేచి చేతులు చాచి అడ్డం నిలిచాడు. "ఓ కులవధూ! నీ చరణఘాతంతో ఈ మహానగర మనోరథాన్ని భగ్నం చేయకుము, మరలుము!" అని పాత కథల్లో అయితే పలికేవాడే. పలికింది మాత్రం ఇది: "లొరెట్టా, ప్లీజే. రెండు నిమిషాలు."

"రెండు నిమిషాలేగా. నన్నూ చూడనీ."

"ఊరంతా ఏడుస్తుందే!"

"ఊరికి నా కాలు సంగతి తెలుసా?"

"కోడలా," అంది ఫిలొమీనా, జపమాల మీద వేలు ఆపి, "నా కాలు చూడు, మంచుగడ్డ. నేను ఓర్చుకోవడం లేదూ?"

"మీరు కూర్చుని ఓర్చుకుంటున్నారు అత్తయ్యా. టీవీ ముందు."

లొరెట్టా భర్త చంక కిందినుంచి వంగి ఇవతలికి వచ్చింది. గదిలో ఖాళీగా ఉన్నది ఒకటే ఆసనం: పోయిన మామగారి కుర్చీ. ఆయన ఆత్మ ఇంకా ఆట చూస్తుందని అందులో ఎవ్వరూ కూర్చోరు. ఆత్మకు అడ్డం లేదని కాబోలు, చిప్స్ గిన్నె మాత్రం పెడతారు. లొరెట్టా గిన్నె ఎత్తి నూన్జియో ఒళ్ళో పెట్టి, కూర్చుంది.

"అయ్యో, నాన్న కుర్చీ!" అన్నాడు గేటానో.

"నాన్న మీద కూర్చుంది!" అన్నాడు నూన్జియో.

"లేపండ్రా దాన్ని!" అంది ఫిలొమీనా.

"నువ్వు లేపు, నీ వదినేగా."

"నీ పెళ్ళామేగా, నువ్వు లేపు!"

మూడు జతల కళ్ళు లొరెట్టా మీద ఉన్నాయి. లొరెట్టా కళ్ళు ప్రూయిట్ మీద ఉన్నాయి. వాడు ఎడమమోకాలు కొంచెం వంచి, బ్యాటును రెండుసార్లు గాలిలో తిప్పి, నోట్లో ఏదో నములుతూ నిలబడ్డాడు. ఇన్ని అక్టోబర్లూ ఆమె చెవులతో ఊహించుకొన్నదానికన్నా పొట్టిగా ఉన్నాడు. బంతి వచ్చింది.

పక్కింటి గోడ దడదడలాడింది. ఎదురింటివాళ్ళు మూకుళ్ళు పట్టుకొని వీధిలోకొచ్చి మోగించడం మొదలుపెట్టారు. వీధి వీధంతా కార్ల హారన్లు, కుక్కల అరుపులు. అన్నదమ్ములు గిర్రున టీవీ వైపు తిరిగేసరికి అక్కడ మనుషుల కుప్ప తప్ప ఏమీ లేదు.

"ఏమైంది? ఎవరు గెలిచారు?"

"మనమే," అంది లొరెట్టా. "బంతి వాడికి దూరంగా వెళ్తోంది. వదిలేసినా బాగుండేది. వాడు వదల్లేదు, బ్యాటు చివరతో అందుకున్నాడు. రెండో బేసు కాపలావాడి తల మీంచి పోయింది. ఇద్దరూ ఇంటికొచ్చేశారు. ప్రూయిట్ మొదటి బేసు దగ్గర ఆగి, మోకాళ్ళు పట్టుకుని నవ్వాడు. తర్వాతే వాళ్ళంతా మీద పడ్డారు."

"మళ్ళీ చూపిస్తార్లే," అన్నాడు నూన్జియో, ఏడుపుగొంతుతో.

"మీరు చూడండి. నేను చూసేశాను."

విజయోన్మత్తులైన వీరులు ఒకరినొకరు కౌగలించుకొన్నారు. కౌగిళ్ళు సడలీ సడలకముందే గేటానో ముఖంలో శాసనకర్త కళ తిరిగి ఉదయించింది.

"ఎవరూ కదలకండి! అంతా గుర్తుపెట్టుకోండి. రేపు లొరెట్టా ఈ కుర్చీలో. ఇదే స్వెటర్. గరిటె కుడిచేతిలో."

"చిప్స్ గిన్నె నా ఒళ్ళో," అన్నాడు నూన్జియో. "వదినా, సాస్ కారుతుండాలి, తుడవకు."

"ఎడమకాలు ముందుకుండాలి కోడలా," అంది ఫిలొమీనా. "నేను చూశాను."

ఈ విధంగా డిఫాల్కో వంశ స్నుష, అనగా కోడలు, గరిటె పట్టిన దర్వీధారిణి, ఏకాంగవీర లొరెట్టా, ఆత్మాధిష్ఠితమైన దుర్గమాసనాన్ని ముట్టడించి, ఇద్దరు యోధులనూ ఒక తపస్వినినీ ఒంటరిగా గెలిచి, మూరెడు వెడల్పున్న అరిగిపోయిన దిండు మీదా, ఒకే ఒక్క బంతి మీదా సంపూర్ణ సార్వభౌమాధికారం సాధించిందని సకల దిక్కులకూ చాటడమైనది.

లొరెట్టా గరిటెను బల్ల మీద పెట్టింది. స్వెటర్ మీది మరక తుడుచుకొంది.

"రేపు వంట లేదు," అంది, గొంతు పెంచకుండా. "మొదటి బంతినుంచీ ఆట చూస్తాను. ఎక్కడ కూర్చుంటానన్నది నా ఇష్టం."